శరణార్థి పిల్లల గురించి బొమ్మల పుస్తకం రాయాలంటే

మీరు రెండు సందేహాలు అడిగారు. ఇల్లూ వాకిలీ వదిలి పారిపోవాల్సిన పరిస్థితి ఎప్పుడూ రాని మనిషి శరణార్థి పిల్లల కథ రాయొచ్చా అన్నది ఒకటి. ఐదారేళ్ల పిల్లలకు యుద్ధం గురించి ఎంతవరకు చెప్పాలి అన్నది రెండోది. నేను కొన్నేళ్లుగా ఇలాంటి బొమ్మల పుస్తకాలే రాస్తున్నాను. శరణార్థి కుటుంబాల పిల్లలకు కథలు చదివి వినిపించే పని కూడా చేస్తుంటాను. నాకు తెలిసింది చెబుతాను.

రాయొచ్చండి. కాకపోతే మొదలుపెట్టే ముందే ఒక విషయం మనసులో పెట్టుకోండి. రేపు మీ పుస్తకాన్ని ఏదో ఒక క్లాసులో టీచర్ చదువుతున్నప్పుడు, అలాంటి కష్టం పడి వచ్చిన పిల్ల కూడా అక్కడే కూర్చుని ఉంటుంది. "మన పిల్లలకు వాళ్ల బాధ తెలియాలి" అన్న ఉద్దేశంతో రాసే పుస్తకాలు ఆ పిల్లను మర్చిపోతాయి. పుస్తకం మూయగానే క్లాసంతా తనవైపు జాలిగా తిరిగి చూస్తే ఆ పిల్లకు మర్నాడు బడికి రావాలనిపిస్తుందా? నేను రాసే ప్రతి పేజీకీ ఇదే పరీక్ష పెడతాను. ఆ పిల్ల పక్కనుండగా ఈ పేజీ గట్టిగా చదవగలనా? చదవలేనంటే ఆ పేజీ తీసేస్తాను.

అందుకే ముందు మీ కథలో పిల్లకు ఒక స్వభావం ఇవ్వండి. తనకు ఏది ఇష్టం, దేనికి మొండికేస్తుంది, తమ్ముడితో ఎందుకు దెబ్బలాడుతుంది? పారిపోవడం ఆ పిల్లకు జరిగిన సంగతి. ఆ పిల్లంటే అదొక్కటే కాదు. దారి మధ్యలో కూడా పిల్లలు ఆడుకుంటారు, అలుగుతారు, నవ్వుతారు. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి రాబోతుంటే యూదు దంపతులు హెచ్. ఎ. రే, మార్గరెట్ రే సైకిళ్ల మీద ఆ నగరం విడిచి పారిపోయారు. వాళ్లు వెంట తీసుకెళ్లిన రాతప్రతుల్లో ఒక అల్లరి కోతి కథ ఉంది. మరుసటి ఏడాది అమెరికాలో అచ్చయిన 'క్యూరియస్ జార్జ్' అదే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు కాపాడుకుని తెచ్చిన కథలో యుద్ధం లేదు, అల్లరి ఉంది. నా దగ్గర కథలు వినే పిల్లలు కూడా మళ్లీ మళ్లీ చదవమనేది నవ్వొచ్చే పుస్తకాలనే.

ఇక వివరాల సంగతి. మా చిత్రకారిణి వేసిన పెన్సిల్ బొమ్మల్ని అచ్చుకు ముందే ఇలా ప్రయాణం చేసి వచ్చిన కుటుంబాలకు చూపిస్తాం. ఒకసారి ఒక అబ్బాయి పడవ బొమ్మను చాలాసేపు చూసి "ఫోన్ ఏది?" అన్నాడు. వాళ్ల ప్రయాణమంతా ఫోన్ మీదే నడిచిందట. దారి చూపించింది, వెనక ఉండిపోయిన అమ్మమ్మ గొంతు వినిపించింది, ఇంటి ఫొటోలు మిగిలింది అందులోనే. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాళ్లమ్మ మెడలో కట్టుకుందట. ఛార్జింగ్ అయిపోతుందేమోనన్న టెన్షన్ సముద్రం కంటే పెద్దదని వాళ్లమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ పుస్తకంలో అమ్మ మెడలో ఆ కవర్ ఉంది. దాని గురించి కథలో ఒక్క మాట కూడా లేదు. అయినా తెలిసిన పిల్లలు వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. ఇలాంటిది మనం ఇంట్లో కూర్చుని ఊహిస్తే తట్టదు.

శరణార్థి అనగానే టెంట్లు గీసేయడం కూడా అలాంటిదే. ప్రపంచంలో శరణార్థుల్లో ఎక్కువమంది శిబిరాల్లో లేరు. ఊళ్లలో, నగరాల్లో ఇరుకు అద్దె గదుల్లో బతుకుతున్నారు. 2024 చివరికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం యుద్ధాలు, హింస, వేధింపుల వల్ల ఇళ్లు వదిలినవాళ్లు 12 కోట్లకు పైనే. వాళ్లలో సగం కంటే ఎక్కువమంది సరిహద్దు కూడా దాటలేదు, సొంత దేశంలోనే మరోచోట తలదాచుకున్నారు. మొత్తంలో 40 శాతం దాకా పిల్లలే. మీ కథలో కుటుంబం ఎక్కడి నుంచి బయలుదేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ముందే తేల్చుకుంటే బొమ్మలు వాటంతటవే మారతాయి.

భయం ఎంతవరకు చూపించాలి అంటే, నా పద్ధతి చెబుతాను. బాంబు పడటం చూపించను. ఆ రోజు నుంచి నాన్న కిటికీ దగ్గర కూర్చోవద్దనడం చూపిస్తాను. పెద్దవాళ్లు గుసగుసగా మాట్లాడుకోవడం, బడి మూతపడటం, పక్కింటివాళ్లు చెప్పకుండా వెళ్లిపోవడం. ఆ వయసు పిల్లలకు యుద్ధం తెలిసేది ఇలాగే. భయం ఉన్న ప్రతి పేజీలోనూ పిల్ల చేయి పట్టుకుని ఒక పెద్ద మనిషి ఉండేలా చూస్తాను. అమ్మో, అన్నయ్యో, దారిలో కలిసిన ముసలాయనో, ఎవరైనా సరే. ఒంటరిగా వచ్చిన పిల్లల కథ రాస్తున్నా ఎవరో ఒకరు తోడు దొరికే పేజీ త్వరగానే వచ్చేలా చూస్తాను. కానీ అబద్ధం మాత్రం చెప్పకండి. "కొత్త దేశం చేరారు, హాయిగా ఉన్నారు" అని ముగించిన పుస్తకం చదివితే, అక్కడ ఉండటానికి అనుమతి కాగితాల కోసం ఇంకా ఎదురుచూస్తున్న ఇంటి పిల్లకు తమ ఇంట్లోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది.

చేరాక మొదలయ్యే కథ గురించి ఎవరూ పెద్దగా రాయరు. పిల్లలు కొత్త భాష త్వరగా పట్టేస్తారు, పెద్దవాళ్లకు పట్టుబడదు. దాంతో తొమ్మిదేళ్ల పిల్ల ఆసుపత్రిలో డాక్టర్ మాటలు అమ్మకు చెబుతుంది, అమ్మ నొప్పి గురించి డాక్టర్‌కు చెబుతుంది. ఇంటికొచ్చాక మళ్లీ చిన్నపిల్లలా ఉండాలంటే ఉండలేదు. పడవ ప్రయాణం కంటే ఇది గీయడం కష్టం. కానీ నాకు తెలిసిన పిల్లలు ఎక్కువగా గుర్తుపట్టేది ఈ పేజీలనే.

కుటుంబాలతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. "మీకేం జరిగింది?" అని పిల్లల్ని ఎప్పుడూ అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. పెద్దవాళ్లు ఒప్పుకుని చెప్పినా పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు మార్చేయండి. వెనక ఉండిపోయిన బంధువులకు ముప్పు రావచ్చు, శరణు దరఖాస్తు ఇంకా నడుస్తుంటే చిక్కులు రావచ్చు. రాతప్రతి చదివి తప్పొప్పులు చెప్పినవాళ్లకు డబ్బు ఇవ్వాలని పబ్లిషర్‌తో ముందే మాట్లాడుకోండి. వాళ్లు సరేనంటేనే పేరు వేయండి. రాయగలిగినవాళ్లు ఎవరైనా తారసపడితే కలిసి రాయడం ఇంకా మంచిది.

మాటలు లేని పుస్తకం గురించి కూడా ఆలోచించండి. నాజీల కాలంలో జర్మనీ వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయిన యెల్లా లెప్‌మన్ యుద్ధం తర్వాత తిరిగొచ్చి, 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం స్థాపించారు. 1953లో అంతర్జాతీయ బాల సాహిత్య సంస్థ ఏర్పడటానికి కూడా ఆవిడే కారకురాలు. ఆ సంస్థే 2012లో ఇటలీకి చెందిన లాంపెదూసా దీవి కోసం ప్రపంచం నలుమూలల నుంచి మాటల్లేని బొమ్మల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టింది. సముద్రం దాటి శరణార్థులు చేరే దీవి అది. అక్కడి పిల్లలూ వచ్చిన పిల్లలూ ఒకే పుస్తకాన్ని కలిసి చూడగలిగేది అలాగే. బొమ్మల మీద నమ్మకం ఉంటే మీరూ ప్రయత్నించవచ్చు.

మాటలు రాస్తే మాత్రం పొదుపుగా రాయండి. ఈ పుస్తకాలు సాధారణంగా 32 పేజీలు. టైటిల్ వగైరా పోను కథకు మిగిలేది పన్నెండు, పదమూడు జంట పేజీలు. అరబిక్‌లోనో పర్షియన్‌లోనో కూడా వేసే ఆలోచన ఉంటే చిత్రకారులకు మొదట్లోనే చెప్పండి. ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి. ఎడమ నుంచి కుడికి నడుస్తున్నట్టు గీసిన కుటుంబం వాటిలో వెనక్కి వెళ్తున్నట్టు కనిపిస్తుంది. బొమ్మల్ని అద్దంలోలా తిప్పి వేసినా చెడకుండా ఉండాలంటే, బొమ్మ లోపల అక్షరాలు, బోర్డులు, గడియారాలు లేకుండా చూసుకోవాలి.

చివరి పేజీలో టీచర్లకు నాలుగు మాటలు రాయండి. క్లాసులో ఎవరినీ "నీకూ ఇలాగే జరిగిందా?" అని అడగొద్దని, ఏ పిల్లయినా బయటికి వెళ్తానంటే పంపించమని, కథ అయ్యాక ప్రశ్నలకు బదులు కాగితాలు, రంగులు ఇవ్వమని. నా పుస్తకాలన్నిటిలో ఈ మాటలు ఉంటాయి. డమ్మీ, అంటే అచ్చుకు ముందు చేసే నమూనా పుస్తకం, తయారయ్యాక కావాలంటే పంపించండి, చదివి నాకు తోచింది చెబుతాను.