‘మూలికలే కదా’ అని ఆరు నెలల సరుకు కొనకండి

ప్రశ్న: నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ (61 ఏళ్లు) మా పాపను చూసుకోవడానికి వచ్చి మూడు నెలలైంది. వచ్చినప్పటి నుంచి మలబద్ధకంతో బాధపడుతోంది. బీపీకి అమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయజైడ్, వాటితోపాటు కాల్షియం మాత్ర వాడుతోంది. పక్కింటి చైనా ఆంటీ చెబితే వాళ్ల మందుల షాపులో ‘మా జి రెన్ వాన్’ అనే గోలీలు తెచ్చాం. వారంగా సాఫీగా మోషన్ అవుతోంది. మూలికలే కదా, హైదరాబాద్‌కు ఆరు నెలలకు సరిపడా తీసుకెళ్లొచ్చా?

జవాబు: తీసుకెళ్లొద్దు. అది నకిలీ మందని కాదు, బాగా పనిచేసే మందు కాబట్టే చెబుతున్నాను.

ఈ యోగం (మూలికల మిశ్రమం) సుమారు 1800 ఏళ్ల నాటి చైనా వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ పేరు మీద ఉంది. పేగుల్లో వేడి చేసి, తడి ఆరిపోయి మలం గట్టిపడ్డవాళ్లకు ఇస్తారు. ‘వేడి చేసింది’ అనే మాట మనకూ కొత్త కాదు. ఇందులో ఆరు దినుసులుంటాయి. నూనె ఉండే హెంప్ గింజలు (గంజాయి జాతి మొక్కవే, మత్తు మాత్రం ఉండదు), ఆప్రికాట్ పప్పు మలాన్ని జారేలా చేస్తాయి. పచ్చి నారింజ జాతి కాయ, మాగ్నోలియా బెరడు కడుపు ఉబ్బరానికి. పియోనీ వేరు నొప్పికి. ఇక ఆరోది డా హువాంగ్, అంటే మన పచారీ కొట్లలో దొరికే రేవలచిన్ని జాతి వేరు. అసలు పని చాలావరకు దీనిదే. సునాముఖి ఆకులో ఉండే సెన్నోసైడ్లే ఇందులోనూ ఉంటాయి. పేగును తట్టి లేపే మందన్నమాట.

హాంకాంగ్‌లో 120 మంది మీద ఎనిమిది వారాలు దీన్ని పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్నవాళ్లలో 43 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికి మేలు కనిపించింది. కాబట్టి మీ ఆంటీ మాట కొట్టిపారేయను. కానీ అది ఎనిమిది వారాల సంగతి, ఆరు నెలలది కాదు.

మీ అమ్మగారి విషయంలో నాకున్న టెన్షన్ వేరే. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో పొటాషియం పోయేలా చేస్తుంది. డా హువాంగ్ ఉన్న మందు ఎక్కువైతే విరేచనాల్లోనూ పోతుంది. రెండు దారుల్లోనూ పోతే కాళ్లు లాగడం, నీరసం, గుండె దడ వస్తాయి. పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించండి.

షాపులో పేరు కాస్త మారితే మందే మారిపోతుంది. పేరు చివర ‘చెంగ్ చి టాంగ్’ అని ఉండే యోగాలు చాలా ఘాటు. వాటిలో ఒకదాంట్లో అతిమధురం కూడా ఉంటుంది, అది బీపీని పెంచి పొటాషియాన్ని ఇంకా తగ్గిస్తుంది. ‘ఫాంగ్ ఫెంగ్ తోంగ్ షెంగ్’ అనేదాంట్లో మా హువాంగ్ (బీపీని పెంచే ఎఫెడ్రా మొక్క) ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

అసలు మలబద్ధకం ఎందుకొచ్చింది? కాల్షియం మాత్ర నా మొదటి అనుమానం. అమ్లోడిపిన్ కూడా కొందరిలో ఇలా చేస్తుంది. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున్నే నడక, కూరలు, మజ్జిగ. అక్కడ పాపను ఎత్తుకుని ఫ్లాట్‌లో కూర్చోవడం, ఏసీలో నీళ్లు తాగడం మర్చిపోవడం. కాల్షియం నిజంగా అవసరమా అని రాసిన డాక్టర్నే అడగండి. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

గోలీలు ఆపాక ఇసబ్‌గోల్ రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. మిగతా మాత్రలకూ దానికీ రెండు గంటల తేడా ఉండాలి. వారం పది రోజుల్లో ఫలితం లేకపోతే డాక్టర్ సలహాతో లాక్టులోజ్ సిరప్ వాడొచ్చు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, ఈ వయసు ఆడవాళ్లలో అది తరచూ బయటపడుతుంది.

మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే ఏ గోలీలతోనూ సర్దుకోకుండా కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ గోలీల డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, ఏం వాడారో అక్కడి డాక్టర్‌కు తెలియాలి.