కల్యాణదుర్గం చేను నువ్వే చేస్తానన్నావంట

తల్లీ,

కౌలుకిచ్చిన చేను వెనక్కి తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. బెంగళూరు జీతం వదిలి వస్తున్నావంటే గుండె నిండింది, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నువ్వు పంపిన మట్టి పరీక్ష కాగితం చూశాను. సేంద్రియ కర్బనం, అంటే నేలలో కుళ్లిన ఆకు, పేడ లాంటి సేంద్రియ పదార్థం ఎంతుందో చెప్పే అంకె, 0.3 శాతం. 0.5 లోపుంటే తక్కువ కిందే లెక్క. మన ఎర్రచేలల్లో ఇది వింతేం కాదు. బుడ్డల (వేరుశనగ) చెట్లు వేర్లతో సహా పీకుతాం, కాయ తీశాక మిగిలిన కట్టె పశువులకేస్తాం, ఆ పేడ చేనికి తిరిగి రాదు. నేలలోని నత్రజని చాలావరకు ఉండేది ఆ సేంద్రియ పదార్థంలోనే. అది కుళ్లేకొద్దీ పైరుకు అందుతుంది. పొటాష్, కాల్షియం వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచడానికీ అది సాయపడుతుంది.

మీ నాయన సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఎవరో చెప్పారని మిల్లు నుంచి బుడ్డల పొట్టు ట్రాక్టర్ల కొద్దీ తోలించి, పచ్చిగానే దున్నేసి, వెంటనే జొన్న విత్తాడు. మొలక బాగానే వచ్చింది. మోకాలెత్తు కాకముందే అడుగాకులు కొన నుంచి నడిమి ఈనె వెంబడి పసుపెక్కాయి. పొట్టులో కర్బనం దండి, నత్రజని కొంచెం. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు తక్కువపడిన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. పొట్టు మాగాక తిరిగి వదులుతాయి. అంతవరకు ఆగాలని వాడికెవరు చెప్తారు? వడ్డీకి తెచ్చి యూరియా మీద యూరియా చల్లాడు. వాన రాలేదు, సగం గాలికే పోయింది. ఆ అప్పుకు ఎద్దులు అమ్మాడు. ఎద్దులతో పాటే పేడా పోయింది. చేను కౌలుకు పోయింది ఆ తర్వాతే.

అందుకే పొట్టయినా కంది కట్టయినా పేడతో కలిపి గుంతలో మాగబెట్టు. నల్లగా, పొడిపొడిగా అయ్యాకే చల్లు. వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించు, వాటి పెంట చేనికే పడుతుంది, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. బుడ్డలకు పూతప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం, గంధకం ఉండే ఖనిజం) వెయ్యి. మన ఎండలకు కర్బనం తొందరగా కరిగిపోతుంది కాబట్టి మాగిన ఎరువు ఏటా వేస్తూనే ఉండాలి. ఒక్క ఏడాదికే అంకె పెరగలేదని టెన్షన్ పడొద్దు.

ఈ ఏడు రెండెకరాలే చెయ్యి. అప్పు మాత్రం చెయ్యొద్దు తల్లీ. ఏ మూట కొనాలన్నా ముందు నాకు ఫోన్ చెయ్యి. మంద కాపరితో నేను మాట్లాడి పెడతాను.

మీ పెద్దనాయన