తప్పు దిద్దిన అవ్వ

"ప్రార్థనలో ఎంత తగ్గించుకున్నా నాలో నిజమైన దీనమనస్సు కనబడడం లేదు, క్రైస్తవుడు దాన్ని ఎలా అభ్యసించాలి?" అని మీరు అడిగారు. నాకు తెలిసిన దారి ఒక్కటే: మనకన్నా తక్కువవారని మనసులో ఎంచుకున్న మనిషి మన తప్పు చూపినప్పుడు ఆ మాటకు లోబడడం. "నేను ధూళిని, పురుగును" అని దేవునితో చెప్పుకోవడం వల్ల ఊళ్లో ఎవరి పరువూ పోదు. అదే మాట పక్కింటివాడు అంటే మాత్రం మనకు నిద్ర పట్టదు.

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మా సంఘానికి నేను చాలా ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. మా కోత పండుగకు విశ్వాసులు శనగలు, జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన ముగిశాక వాటిని గుడి ఆవరణలోనే వేలం వేస్తారు. ఒక ఏడు వేలం లెక్క నేను చదువుతుండగా, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న ఒక అవ్వ లేచి, "నాయనా, నా గుమ్మడికాయ మూడు నూర్ల యాభైకి పాయె, నువ్వు రెండు నూర్ల యాభై అని చదివినావే" అంది. ఆమెకు అక్షరం రాదు, కూలికి పోయి బతుకుతుంది, నేను బడిపంతులుని. "లెక్కలు నీకేం తెలుసు, కూర్చో అవ్వా" అని అందరి ముందు గద్దించాను, ఆమె మారు మాట్లాడకుండా కూర్చుంది.

రాత్రి డబ్బు లెక్కపెడితే పుస్తకంలో కన్నా సరిగ్గా నూరు రూపాయలు ఎక్కువగా తేలింది. అంకె దిద్దితే ఎవరికీ తెలియదు, సంఘానికి నష్టమూ లేదు. ఆ ఆలోచనతోనే పుస్తకం మూసి పడుకున్నాను. తెల్లవారుజామున బైబిలులోని కుష్ఠురోగి నయమాను గుర్తుకు వచ్చాడు. అంతటి సిరియా సేనాధిపతి మొదట చెరపట్టి తెచ్చిన ఒక చిన్నదాని మాట విని బాగుపడాలని ప్రవక్త దగ్గరికి ప్రయాణమయ్యాడు, తరువాత నదిలో మునగమన్న ప్రవక్త మాటకు కోపంతో తిరిగిపోతూ తన దాసులు నచ్చజెప్పగా యొర్దానులో 7 సార్లు మునిగాడు. దాసుల మాటను తోసిపుచ్చి ఉంటే అతడు కుష్ఠుతోనే ఇల్లు చేరేవాడు.

తరువాతి ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను గానీ, చీకటి పడిందనీ అలసిపోయాననీ ముందుగా చెప్పుకోవడం వల్ల అది సగం ఒప్పుకోలే అయింది. ఆ సంగతి నా భార్య చెప్పేదాకా నాకు తెలియలేదు. అందుకని సాయంత్రం అవ్వ ఇంటికి వెళ్లాను. అన్నేళ్లుగా ఒకే గుడిలో ప్రభువు బల్లలో పాలు పొందినా, ఆ గడప నేను ఎన్నడూ తొక్కలేదు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోయబోతే, "వద్దవ్వా, నేనే పోసుకుంటా" అని వెనక్కి జరిగాను. "చెంబు బరువేం లేదులే నాయనా" అంటూ ఆమె పోసేసింది. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు తన కాళ్లు కడగబోతే పేతురు "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అని ఎందుకు అన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఎదుటివాని కాళ్లు కడిగేటప్పుడు కూడా పెద్దరికం మనదగ్గరే మిగిలి ఉండవచ్చు, కడిగించుకునేటప్పుడు అది మిగలదు.

ఈ మాట చెప్పకుండా ఉండలేను: మన గుళ్లలో ఫ్యానుకు, బెంచీకి, మైకుకు కూడా దాత పేరు రాయిస్తున్నారు, ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీల మీద బోధకుని ముఖం సిలువ కన్నా పెద్దదిగా ఉంటోంది. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదని చదివిన చోటనే, శిలాఫలకం మీద పేర్ల వరుస తప్పిందని తగవులు పడడం నా కళ్లారా చూశాను. తండ్రుల ఈ అలవాటు పిల్లలకు దిగుతోందన్నదే నా బాధ.

ఇప్పుడు లెక్క చదివే ముందు అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పద్దూ వినిపిస్తున్నాను. మొన్నటి పండుగలో ఆమె నన్ను రెండు చోట్ల ఆపింది. ఒక చోట పొరపాటు నాది, వెంటనే దిద్దుకున్నాను. రెండో చోట, ఒక కోడి వెల దగ్గర, పొరపాటు ఆమెది, ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచేసరికి పాత గద్దింపు మళ్లీ నా గొంతులోకి వచ్చింది. కాసేపు ఆగి, ఆ కోడిని పాడుకున్న అబ్బాయిని పిలిచి, వెల ఎంతో అతని చేతనే అవ్వకు చెప్పించాను.