పాత కామిక్స్ లోపలి రాతలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్నవో, అటక మీంచి దించినవో, పాత కామిక్స్ గురించే ఈసారి ఉత్తరాలు ఎక్కువ. అందరి బాధా దాదాపు ఒకటే. అట్ట బాగుంది, లోపల ఎవరో ఏదో రాశారు. ఎంత నష్టం?

ప్రశ్న: 1970ల నాటి అమెరికన్ కామిక్ దొరికింది. అట్ట నిగనిగలాడుతోంది. మొదటి పేజీలో మాత్రం నీలం బాల్‌పెన్‌తో పేరు, తరగతి, సెక్షన్ ఉన్నాయి. గ్రేడ్‌లో ఎన్ని పాయింట్లు పోతాయి? (మలక్‌పేట)

పేరు ఉంటే ఇంత అని కోసే లెక్కేమీ లేదు. సీజీసీ లాంటి సంస్థలు కామిక్ ఎంత బాగుందో పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు గ్రేడ్ వేసి, రంగు లేబుల్‌తో ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి ఇస్తాయి. లోపాలన్నీ కలిపి చూసి ఒక అంకె ఇస్తాయి. కాబట్టి అదే పేరు ఒక్కో పుస్తకాన్ని ఒక్కోలా దెబ్బ తీస్తుంది. వెన్ను మీద గీతలు పడి, మూలలు మడతపడి, ఎటూ 5 దగ్గర ఆగే పుస్తకమైతే లోపలి మార్జిన్‌లో చిన్న పేరు వల్ల పెద్ద తేడా రాదు. 9 పైన నిలవాల్సిన పుస్తకానికి మాత్రం అదే పేరు గట్టి దెబ్బ. అక్కడ ఎంచడానికి వేరే లోపమే ఉండదు కదా.

ఎక్కడ రాశారన్నది ముందు చూడండి. అట్ట మీదకంటే లోపల ఉంటే నయం. లోపల కూడా బొమ్మ మీదో సంభాషణ బుడగ మీదో కంటే మార్జిన్‌లో ఉంటే నయం. తర్వాత పేజీ తిప్పి వెనక చూడండి. పిల్లలు పెన్ను అదిమి రాస్తారు. న్యూస్‌ప్రింట్ మెత్తన, అందుకని సిరా అవతలికి దిగుతుంది. సిరా దిగకపోయినా అక్షరాలు ఉబ్బెత్తుగా తేలతాయి. టార్చిని పేజీకి పక్కగా, దాదాపు ఆనించినట్టు పెట్టి వెలుగు వేస్తే, కింది రెండు మూడు పేజీల మీద కూడా ఆ 'సెవెన్త్ బి' గుంటలు పడి కనిపించవచ్చు. అప్పుడు మీది ఒక పేజీ లోపం కాదు, నాలుగు పేజీల లోపం.

పెన్సిల్ సంగతి వేరు. అమెరికాలో షాపువాళ్ళు సరుకు వచ్చిన తేదీని అట్ట మీద చిన్నగా రాసుకునేవారు, అమ్ముడుపోని కాపీల లెక్క తెలియడానికి. అలాంటి చిన్న తేదీ ఓ మూలన ఉంటే పై గ్రేడ్లలో కూడా చూసీచూడనట్టు వదిలేస్తారు. మన స్కూలు పిల్లాడి సంతకానికి ఆ మర్యాద లేదు.

ప్రశ్న: ఇంద్రజాల్ కామిక్స్ పాత కట్ట కొన్నాను. ప్రతిదాంట్లో అద్దె పుస్తకాల షాపు రబ్బరు ముద్ర మూడేసి చోట్ల ఉంది. పనికొస్తాయా? (కూకట్‌పల్లి)

1964లో మొదలై 1990లో ఆగిపోయిన సిరీస్ అది. చేతులు మారకుండా మిగిలినవి తక్కువే. మన దగ్గర ఈ పుస్తకాలు ఎక్కువగా పెట్టెలో సీల్ చేసిన గ్రేడ్‌తో కాకుండా చేతిలో చూసి బేరమాడి కొనేవే. ముద్రను చూసి కొనేవాడు ముఖం చిట్లిస్తాడు, ధర తగ్గిస్తాడు, అయినా కొంటాడు.

ముద్ర కంటే ఆ షాపు చేసిన 'బాగుసేత' ప్రమాదం. పుస్తకం ఊడకుండా వెన్ను దగ్గర అదనపు పిన్నులు కొట్టారా, దారంతో కుట్టారా, అట్ట వెనక గోధుమరంగు కాగితం అంటించారా చూడండి. మధ్య పేజీ తెరిస్తే అసలు పిన్నులు మడిచిన కాళ్ళు కనిపిస్తాయి. వాటి పక్కన ఖాళీ కన్నాలుంటే పిన్నులు మార్చినట్టే. పుస్తకాన్ని మడతపెట్టకుండా పక్కనుంచి పిన్ను కొట్టేస్తే లోపలి మార్జిన్ మింగుకుపోయి బొమ్మ సగం కనిపించదు. దాని ముందు ముద్ర ఎంత! ఇక స్టాంపు ప్యాడ్ సిరా నూనెలా పాకి ముద్ర చుట్టూ పసుపు మరక వచ్చి ఉంటే, దాన్ని ముద్రతో కలపకుండా వేరే లోపంగా లెక్కేసుకోండి.

ప్రశ్న: పజిల్ పేజీ నింపేసి ఉంది, ప్రకటనలోంచి కూపన్ కత్తిరించి ఉంది. కథకేమీ కాలేదు. రెండింట్లో ఏది ఎక్కువ తప్పు? (సికింద్రాబాద్)

కత్తిరింపే, అనుమానం అక్కర్లేదు. రాస్తే కాగితం మీద ఏదో చేరింది. కత్తిరిస్తే కాగితమే పోయింది. పజిల్‌ను పెన్సిల్‌తో నింపితే అది రాత కిందికే వస్తుంది. కూపన్ పోతే పుస్తకం అసంపూర్ణం.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 1974 నవంబరు తేదీతో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181. మార్వెల్ కంపెనీ హీరో వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి సంచిక. ఆ రోజుల్లో మార్వెల్ తన కామిక్స్‌లో కత్తిరించి అంటించుకోమని 'వాల్యూ స్టాంపులు' వేసేది. పిల్లలు నిజంగానే కత్తిరించారు. స్టాంపు పోయిన కాపీకి సీజీసీ మామూలు నీలం లేబుల్ ఇస్తే గ్రేడ్ అట్టడుగుకు పడుతుంది. లేదా లోపాన్ని లేబుల్ మీదే రాసి, ఆకుపచ్చ 'క్వాలిఫైడ్' లేబుల్‌తో మిగతా పుస్తకానికి తగిన అంకె ఇస్తుంది. ఆకుపచ్చ లేబుల్ మీద పెద్ద అంకె చూసి మురిసిపోయి నీలం ధర పెట్టకండి.

మీ పుస్తకంలో కూపన్ వెనక ఏముందో కూడా చూడండి. వెనక ప్రకటనే ఉంటే ఒక సంగతి. కథ బొమ్మలో ముక్క పోతే ఇంకా కింద.

ప్రశ్న: పేరును చెరిపేసి అమ్మొచ్చా? బాల్‌పెన్‌కు శానిటైజర్ వాడమని ఒకరు, బ్లీచింగ్ అని ఒకరు అంటున్నారు. (మెహదీపట్నం)

రెండూ వద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరుగుతుంది, నిజమే. కరిగి ఎక్కడికి పోతుంది? కాగితం పీచులోకి. సన్నటి గీత కాస్తా ఊదారంగు మచ్చవుతుంది, పక్కనున్న అచ్చురంగు కూడా కదులుతుంది. బ్లీచింగ్ పీచును బలహీనం చేస్తుంది. చుట్టూ పండిన కాగితం మధ్య తెల్లటి మచ్చ మిగిలి, ఇక్కడేదో చేశారని అదే చెప్పేస్తుంది. పైగా రసాయనంతో కడిగితే రిస్టోరేషన్ (పుస్తకాన్ని బాగుచేసి కొత్తగా కనిపించేలా చేయడం) కింద పరిగణించి, సీజీసీలో ఊదా లేబుల్ వేస్తారు. బ్లేడుతో గీకితే పేజీని వెలుగుకు ఎత్తిపట్టినప్పుడు ఆ చోటు పలచగా మెరుస్తుంది. వైట్నర్ గురించి చెప్పనే అక్కర్లేదు.

పెన్సిల్ రాత మాత్రం తీయొచ్చు. పొడిగా చెరిపితే దాన్ని రిస్టోరేషన్ అనరు. చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. పేజీ కింద నున్నటి గట్టి అట్టముక్క పెట్టండి. మెత్తటి తెల్ల వినైల్ రబ్బరు తీసుకోండి. పెన్సిల్ చివరి గులాబీ రబ్బరు జోలికి పోకండి, అది కాగితాన్ని గీరుతుంది. ఎడమచేతి వేళ్ళతో పేజీని వెన్ను వైపు అదిమి పట్టుకుని, వెన్ను నుంచి అంచు వైపు ఒకే దిశలో, చిన్న చిన్నగా లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దితే న్యూస్‌ప్రింట్ నూగులేస్తుంది, పేజీ మడతపడి చిరుగుతుంది. రెండు లాగుళ్ళకోసారి రబ్బరు అంచు చూడండి. బూడిదరంగు అంటితే అది పెన్సిల్. ఎరుపో నీలమో అంటితే అచ్చురంగు లేస్తోంది, అక్కడే ఆపేయండి. పొడిని ఊదకండి, ఉమ్మి తుంపరలు పడతాయి. మెత్తటి బ్రష్‌తో తుడవండి. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి, కాగితం తేమ పీల్చుకుని మెత్తబడి ఉంటుంది. ఎంత చేసినా గుంటలు పోవు, నల్లదనమే పోతుంది.

ఇంకో మాట. చెరిపిన సంగతి కొనేవాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: లోపలి పేజీలో చిత్రకారుడి సంతకం ఉంది. అది రాతేనా, విలువ పెంచేదా? (బర్కత్‌పురా)

సంతకం ఉన్న పుస్తకాలకు సీజీసీ వేసే పసుపు లేబుల్ కావాలంటే వాళ్ళ ప్రతినిధి ఎదుట సంతకం జరిగి ఉండాలి. లేకపోతే సాధారణంగా ఆకుపచ్చ లేబుల్, లేదా మామూలు రాతగా లెక్కేసి తగ్గించిన నీలం లేబుల్. గ్రేడింగ్‌కు పంపకుండా మీ దగ్గరే ఉంచుకోవడం మేలు.

ప్రశ్న: ఫుట్‌పాత్ మీద నిలబడి చూసుకోవడానికి ఐదు నిమిషాలే ఉంటాయి. ఏం చూడాలి? (నారాయణగూడ)

పేజీలు లెక్కపెట్టండి, అన్నిటికంటే ముందు అదే. మధ్య పేజీ పిన్నులకు పట్టి ఉందా, ఊడి వేలాడుతోందా చూడండి. ప్రకటనలు, పజిళ్ళు, పాఠకుల ఉత్తరాల పేజీలు ఒక్కొక్కటీ తిప్పండి, కత్తెర పడేది వాటి మీదే. తర్వాత ముందట్ట తెరిచి దాని లోపలి వైపు చూడండి. వెన్ను మీద తెల్లగా లేచిన గీతల్ని నల్ల మార్కర్‌తో కప్పేసి ఉంటే, బయట ఎంత చక్కగా కనిపించినా లోపలి తెల్ల కాగితం మీద నల్లటి చుక్కలు దిగి ఉంటాయి. అది రంగు దిద్దడం, ఊదా లేబుల్ సరుకు. అలాంటిది కనిపిస్తే లోపలి పేరు గురించి బేరమాడే పని లేదు, పుస్తకం కట్టలో పెట్టేసి పక్క బండికి వెళ్ళండి.