మంట ఆరింది, ఇప్పుడే మెయిన్ వేయకు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ లేత్ షాపులో మంటలు లేచినా మనుషులెవరికీ ఏమీ కాలేదని నీ ఉత్తరంలో చదివాక కుదుటపడ్డాను. మిగతాదంతా ఇనుమూ రాగే, దాన్ని ఒక దారికి తెచ్చుకోవచ్చు. కానీ చివర్లో "ఆర్డర్లు ఆగిపోయాయి, బాగున్న మెషీన్లయినా రేపు మెయిన్ స్విచ్ వేసి నడిపిస్తాను" అని రాశావు చూడు, అది చదివి ఆగలేక వెంటనే రాస్తున్నాను. వద్దు. మంట కాల్చింది ఎంతో కళ్ళకు కనిపిస్తూనే ఉంది. ఆరిన తర్వాత తుప్పూ తొందరా కలిసి తినేసేది ఇంకా మొదలు కాలేదు. దాన్ని ఆపడం నీ చేతుల్లోనే ఉంది.

ముందు మనుషుల సంగతి. ఆ పొగ పీల్చిన కుర్రాళ్ళను డాక్టరుకు చూపించు. వైరు కాలిన పొగ ఊపిరితిత్తులకు చేసే హాని ఒక్కోసారి గంటల తర్వాత బయటపడుతుంది. "నాకేం కాలేదన్నా" అంటే వదిలేయకు.

గ్యాస్ సిలిండర్ల గురించి నువ్వేమీ రాయలేదు, నాకు దిగులంతా అక్కడే ఉంది. ఎసిటిలిన్ సిలిండర్‌కు సెగ తగిలిందన్న అనుమానం ఉంటే, పెయింటు పొంగినట్టు కనబడితే, దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వకు. కదపొద్దు, వాల్వు తిప్పొద్దు. లోపల గ్యాస్ దానంతట అదే విడిపోవడం మొదలైతే బయట మంట ఆరినా అది ఆగదు, చాలాసేపటి తర్వాత కూడా పేలగలదు. ఫైర్ వాళ్ళను మళ్ళీ పిలిచి చూపించు. అలాగే కాలిన కరెంటు ప్యానెల్ పైన ఉన్న ఇనుప దూలాలు వంగాయేమో చూడమను. సుమారు 550 డిగ్రీల దగ్గర ఉక్కు బలం సగానికి పడిపోతుంది, కాబట్టి వంగిన దూలం కింద పని పెట్టుకోవద్దు.

కరెంటు బయటి నుంచే విడదీయించు, లోపల స్విచ్ దించితే చాలదు. ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్లలో, మోటారు వేగం మార్చే డ్రైవుల్లో కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా చార్జ్ పట్టుకుని ఉంటాయి, వాటి మూతలు తెలిసినవాళ్ళే విప్పాలి.

ఏదీ తుడవకముందే ఫోటోలు తియ్యి. షాపు మొత్తం, తర్వాత ఒక్కో మెషీను, దాని నంబరు ప్లేటు. ఇన్సూరెన్స్ ఉంటే ఇవాళే కబురు పెట్టు. కాలిన ప్యానెల్ బోర్డును తుక్కు కింద అమ్మేయకు. ఎక్కడ మొదలైందో చెప్పేది అదొక్కటే, సర్వేయర్ వచ్చి చూసేదాకా అలాగే ఉండాలి. అయితే నష్టం పెరగకుండా చూసుకోవడం కూడా నీ బాధ్యతే. "తుప్పు పట్టకుండా మెషీన్లు తుడిచి నూనె రాస్తున్నాం" అని వాళ్ళకు రాతపూర్వకంగా చెప్పి పని మొదలుపెట్టు.

ఇక మసి. నీ షాపు బతకడం దీని మీదే ఉంది, జాగ్రత్తగా చదువు. నల్లగా ఉంది కదా అని అది ఉత్త బొగ్గుపొడి అనుకోకు. వైర్ల మీది పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గాలిలో చెమ్మ తగిలితే అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్. మసితో పాటు అది లేత్ బెడ్ మీదా, లీడ్ స్క్రూ మీదా, చక్ మీదా కూర్చుంటుంది. మంట ఛాయలకు రాని మూలనున్న మెషీను మీద కూడా ఉంటుంది. ఒకచోట తెల్లటి పొడిగుడ్డతో జానెడు మేర తుడిచి చూడు. మసి పోయిన చోట మెరుపు బదులు సన్నటి నారింజ చుక్కలు కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. రోజులు అక్కర్లేదు, గంటలు చాలు. మంటలార్పడానికి కొట్టిన డ్రై పౌడర్ కూడా అంతే, చెమ్మ పీల్చుకుని లోహాన్ని తింటుంది.

అందుకే పైపు పెట్టి కడగొద్దు. గాలి కొట్టి ఊదొద్దు, ఊదితే మసి బేరింగుల్లోకీ ప్యానెళ్ళలోకీ పోతుంది. సన్నటి ఫిల్టరున్న వాక్యూమ్‌తో, మెత్తటి బ్రష్‌తో పొడిగా లాగించు. తర్వాత జిడ్డు తీసే క్షారపు క్లీనర్‌తో తుడిచి, మంచినీళ్ళలో పిండిన గుడ్డతో ఇంకోసారి తుడిచి, ఆ నిమిషమే ఆరబెట్టి నూనె పట్టించాలి. అన్నీ ఒక్క రోజులో చేయలేవు. మిగిలినవాటికి ఈలోపు చెమ్మను తరిమే తుప్పు నిరోధక నూనె స్ప్రే చేసి ఉంచు. గ్రైండ్ చేసిన పనితలాలు ముందు, మైక్రోమీటర్లు, గేజ్‌లు వాటితో పాటే, పెయింటు వేసిన బాడీలు ఆఖరున. చెమ్మ తీసే మెషీను అద్దెకు దొరికితే పెట్టించు. గాలిలో తేమ 40 శాతం లోపుంటే తుప్పు బాగా నెమ్మదిస్తుంది.

లేత్ బెడ్ తుడవకుండా దాని మీద జరిగే శాడిల్‌ను జరపొద్దు. "తిరుగుతుందా లేదా చూద్దాం" అని హ్యాండిల్ పట్టుకోవడం అందరికీ అలవాటే. మసీ పౌడరూ స్లైడుల మధ్య గ్రైండింగ్ పేస్టులా పనిచేసి, ఏళ్ళ తరబడి కాపాడుకున్న అక్యురసీని ఒక్క పూటలో గీసేస్తుంది.

తుడిచేవాళ్ళందరికీ మాస్కు, గ్లౌజులు, కళ్ళద్దాలు ఉండాలి. కరిగి జిగటగా మారిన నల్ల ఆయిల్ సీళ్ళను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. కొన్ని రకాల సీళ్ళు బాగా కాలితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వదులుతాయి, అది చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పాత రేకులు ఆస్బెస్టాస్‌వి అయి పగిలి ఉంటే ఊడ్చొద్దు, అది తెలిసినవాళ్ళ పని.

ఏ మెషీనుకు ఎంత వేడి తగిలిందో తెలుసుకోవడానికి నీకు చదువు అక్కర్లేదు, నీ కళ్ళే చెబుతాయి. మెరిసే ఉక్కు మీద గడ్డిరంగు తేలిందంటే అక్కడ 220, 230 డిగ్రీలు తగిలాయి. నీలం తేలితే 300 దాకా పోయింది. నీలం తేలిన హై కార్బన్ టూళ్ళు, స్ప్రింగులు, గట్టిపరచిన షాఫ్టులు పక్కన పెట్టు. రంగు మారకపోయినా దగ్గరున్న బేరింగుల గ్రీజు మార్చు. బెడ్ మీద డయల్ గేజ్ పెట్టి వంకర చూడు. సెగ తగిలిన గ్రైండింగ్ వీల్స్, బరువులెత్తే బెల్టు స్లింగులు మాత్రం పగలగొట్టో కోసేసో పారేయి. అవి మళ్ళీ ఎవరి చేతిలోనూ పడకూడదు.

వైరింగ్‌లో పొదుపు వద్దు. మామూలు పీవీసీ కేబుల్ 70 డిగ్రీలకు చేసింది. బయటికి బాగానే ఉన్నా, వంచితే బీటలిచ్చేదీ, లోపల రాగి నల్లబడిందీ మొత్తం పీకించు, మధ్యలో జాయింటు వేయించకు. పొగ దూరిన ఎంసీబీలు (లోడు మించితే దిగిపోయే స్విచ్‌లు), మోటార్లకు కరెంటు కలిపే కాంటాక్టర్లు తుడిచి వాడేవి కావు. మోటార్లు ఆరాక, డ్రైవులూ ఎలక్ట్రానిక్ కార్డులూ విడదీసి, ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ పెట్టించు. ఒక మెగోమ్ కంటే తక్కువొచ్చిన దానికి కరెంటు ఇవ్వొద్దు.

కారణం మాత్రం తేలాలి. "షార్ట్ సర్క్యూట్ అయ్యింది" అనేస్తే సరిపోదు, అది ఎందుకైంది? కరిగిన రాగి గుండ్లు కనిపించిన చోటే మొదలైందని కూడా అనుకోకు, వేరేచోట పుట్టిన మంటలో ఇన్సులేషన్ కాలినా అవి వస్తాయి. నా అనుమానం వదులైన లగ్గు మీద, అంటే కేబుల్ కొసకు వేసి బిగించే లోహపు ముక్క మీద. జాయింటు వదులైతే మామూలు కరెంటుకే అక్కడ వేడి పుడుతుంది, లోడు రెట్టింపైతే వేడి నాలుగింతలు. కరెంటు ఎక్కువేమీ పోవడం లేదు గనక ఎంసీబీకి అది తెలియదు. దానికి తోడు గ్రైండర్ పక్కనే ప్యానెల్, తలుపు తెరిచే ఉంటుందని నువ్వే చెప్పావు. ఇనుప పొడి కరెంటును దాటిస్తుంది తమ్ముడూ. కొత్త ప్యానెల్‌ను గ్రైండింగ్‌కు దూరంగా, దుమ్ము చొరకుండా పెట్టించు. అల్యూమినియం కేబుల్ ప్యానెల్‌లోని రాగి పట్టీ (బస్‌బార్) మీదికి వచ్చేచోట రెండు లోహాలూ కలిసిన బైమెటల్ లగ్గులే వేయించు. లగ్గులన్నీ బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎర్త్ లీకేజీ వల్ల మంటలు రాకుండా మెయిన్‌లో 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ పసిగట్టి కరెంటు ఆపే స్విచ్) పెట్టించు. ట్రిప్ అవుతోందని పెద్ద ఎంసీబీ వేసే అలవాటు ఇక మానిపించు.

ఆర్డర్లిచ్చిన పార్టీలకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. తేదీ అడిగితే నోటికొచ్చింది చెప్పకు. అర్జెంటు జాబ్‌లు తెలిసిన షాపులో చేయించి, చెకింగ్ నువ్వే చెయ్యి. కుర్రాళ్ళను ఇంటికి పంపేయకు. తుడిచే పని వాళ్ళకే ఇచ్చి కూలి ఇవ్వు, ఆ మెషీన్ల మీద వాళ్ళకున్న శ్రద్ధ బయటివాళ్ళకు ఉండదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నావు, కొన్నాళ్ళు ఆ టెన్షన్ ఉంటుంది. ఒక్కడివే షాపులో కూర్చోకు, ఇంటికి వెళ్ళు.

కరెంటు ఇచ్చిన రోజు ఒక్కో మెషీనే వేసి, ఫుల్ లోడు మీద ఓ గంట నడిపి, ప్యానెల్‌ను థర్మల్ కెమెరాతో చూపించు. వారం నడిచాక లగ్గుల బిగువు ఇంకోసారి చూడాలి, మొదటి వేడికి కొన్ని సడలుతాయి. మెగ్గర్ రీడింగులు మెషీను వారీగా రాసి నాకు పంపు, చూసి చెబుతాను.

మీ అన్న