జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ చదువుకి రాసే పరీక్ష) కోసం రోజుకి 40 ఇంగ్లీషు పదాలు బట్టీ పడుతున్నాను, గుర్తుండట్లేదు. ఏం చెయ్యాలి?

మూడు నెలల్లో పరీక్ష, వారం తిరిగేసరికి సగం పదాలు మర్చిపోతున్నాను అన్నారు. ముందు ఆ 40ని 12కి దించెయ్యండి.

నేనూ ఇలాగే చేశానండి. మాది రాజోలు పక్కన ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంజినీరింగ్‌కి రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు వెళ్ళేవాణ్ణి, చేతిలో అక్షరక్రమంలో ఉన్న పదాల లిస్టు. అలా వరసగా చదివితే ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుపోతుంది, అబేట్, అబెయన్స్, అబ్జ్యూర్ అన్నీ కలగాపులగం అయిపోయాయి. మొదటిసారి వెర్బల్‌లో, అంటే ఇంగ్లీషు భాగంలో, 146 వచ్చింది (130 నుంచి 170 దాకా ఇస్తారు). రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత లిస్టు మానేసి ఒక్కో పదం ఒక్కో కార్డు మీద రాసుకున్నాను. ఒక జూలైలో, గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో, పంటు మీద నిలబడి తీసిన కార్డు మీద టర్బిడ్ అని ఉంది, అంటే మట్టి కలిసి అడుగు కనబడని నీళ్ళు. కళ్ళెదురుగా అవే. ఆ మాట మళ్ళీ చదవాల్సిన పని పడలేదు. అప్పట్నించి లంకల్లో వరద తగ్గుముఖం పడితే అబేట్, ఏటిగట్టుకి గండి పడితే బ్రీచ్, ఒడ్డు కోసుకుపోతే ఎరోడ్, ఇలా కార్డు వెనక మా ఊరి సంగతితోనే సొంతంగా ఇంగ్లీషులో ఒక వాక్యం, మూలన తెలుగు అర్థం రాసుకునేవాణ్ణి.

అయితే నన్ను పరీక్షలో దెబ్బతీసినవి కష్టమైన మాటలు కావు, మనం తెలుగులో రోజూ వాడేసేవి. లోన్ శాంక్షన్ అయింది అంటాం కదా, అదే మాటకి ఆంక్ష అనే అర్థం కూడా ఉంది. క్వాలిఫై అంటే అర్హత అనుకుంటాం, కానీ క్వాలిఫైడ్ సపోర్ట్ అంటే షరతులతో ఇచ్చే మద్దతు. చెక్ అంటే అదుపు చెయ్యడం కూడా. వీటికి విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పదం ఇచ్చి వ్యతిరేకార్థం చెప్పమనే ప్రశ్నలు 2011లోనే తీసేశారు, ఇప్పుడు పదాల ప్రశ్నలన్నీ వాక్యంలో ఖాళీలే. ఆరింటిలో రెండు ఎంచుకోమనే చోట ఒకటి తప్పినా మార్కు రాదు. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు, దాదాపు సగం పేరాలు చదివి జవాబిచ్చేవే, అందుకని రోజూ ఒక ఇంగ్లీషు ఎడిటోరియల్ చదవకుండా పదాలొక్కటే పట్టుకుంటే లాభం లేదు.

కార్డు చూసి చదవడం కాదు, మూసి గుర్తు తెచ్చుకోవాలి. గుర్తొచ్చిన కార్డు మళ్ళీ మూడు రోజులకి తియ్యాలి, అప్పుడూ గుర్తొస్తే వారానికి, రాకపోతే మర్నాటికే. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. సాయంత్రం అరుగు మీద కొబ్బరి ఈనెలు తీసుకుంటూ, పక్కన పెట్టిన కార్డు మీద తెలుగు అర్థం చదివేది, నేను మాట చెప్పాలి. తడబడితే నా ముఖం చూసే పట్టేసి ఆ కార్డు పక్కన పడేసేది. అలా నాలుగు నెలలు. రెండోసారి 157 వచ్చింది.

తక్కువొచ్చినా 21 రోజుల తర్వాత మళ్ళీ రాయనిస్తారు, ఆ టెన్షన్ వద్దు. మీ ఇంట్లో కార్డు పట్టుకునేవాళ్ళు ఎవరున్నారో ఈ రాత్రికే చూసుకోండి.