ముందు తాతగారి పాత చొక్కా ఇవ్వండి

ఐదేళ్ల బాబుకి ఇంకా మీరే బొత్తాలు పెట్టి, మీరే తినిపిస్తున్నారని, తన పనులు తను చేసుకోవడం ఎలా అలవాటు చెయ్యాలని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావాడికి నాలుగున్నరేళ్లప్పుడు మా ఇంట్లోనూ ఇదే గొడవ.

వీధిలో ఆటో హారన్ కొడుతుంటే వీడు ఒక్క బొత్తంతో తంటాలు పడుతుండేవాడు. నేను వాడి చెయ్యి తోసేసి టకటకా పెట్టేసేదాన్ని. ఒకరోజు నేను పెట్టినవన్నీ విప్పేసుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. ఆటో వెళ్లిపోయింది. సరే, ఇక బడి లేదనుకుని మా మామగారి పాత చొక్కా చాప మీద పరిచాను. పెద్ద బొత్తాలు, వదులైన కాజాలు. కిందనుంచి మొదలుపెట్టమన్నాను. చొక్కా వేసుకున్నాక మెడ దగ్గరి బొత్తం వాడికి కనపడదు కదా! అంచు సగం దూర్చి అటువైపు నుంచి లాగడం ఒక్కసారి నెమ్మదిగా చూపించి ఊరుకున్నాను. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఆరు బొత్తాలకి అరగంట తీసుకున్నాడు. ఆఖరిది పడగానే అన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

1907లో రోమ్‌లో బడి పెట్టిన మరియా మాంటిస్సోరీ కూడా ఇంతే, బొత్తాలు నేర్పడానికి చట్రానికి బట్ట బిగించి ఇచ్చేవారు. 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకీ నేర్పారు. ఆవిడ పేరు బోర్డు మీద పెట్టుకున్న బడికే మావాణ్ని పంపాం. మూడు పేజీల హోంవర్కు తప్ప అక్కడ చెంబుతో నీళ్లు వంచుకోనిచ్చినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండిపోతుంది.

పిల్లలకి చెయ్యాలని ఉంటుందండీ, మన తొందరే చెయ్యనివ్వదు. అందుకే పొద్దున్న హడావిడిలో కాకుండా సాయంత్రం నేర్పండి. నీళ్లు ఒలికితే గుడ్డ చేతికివ్వండి, తిట్టకండి. మగపిల్లాడి చేత ఇల్లు తుడిపిస్తావా అనేవాళ్ల మాట అస్సలు వినకండి.

మాలాంటివాళ్లకి ఇందులో తెలుగు కూడా ఉంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇక తెలుగు ఎక్కడ వస్తుంది, టీవీ ముందా? వేరుశనక్కాయలు వొలుస్తుంటే తాలు అన్న మాట వచ్చింది. బియ్యం ఏరుతుంటే బెడ్డ వచ్చింది. మొన్న పాతపట్నం నుంచి మా అమ్మ వస్తే, ఆవిడ చేతిలో చిక్కుడుకాయ లాక్కుని, "ఈనె ఇటునుంచి తియ్యాలి అమ్మమ్మా" అని చూపించాడు.